‘ఇనిక్విటీ’ అను మాట

అన్యాయమును చెప్పుటకు ఆంగ్లభాషలో పెక్కు మాటలు కలవు. వానిలో ‘ఇంజస్టిస్’ అనునది మీరెల్లరు ఎరిగినదే. దానికి చుట్టమైన మరియొక మాట ‘ఇనిక్విటీ’. నిఘంటువు తెరచి చూచినచో దీనికిని అన్యాయము, అధర్మము, పాపము అను అర్థములే కానవచ్చును. అంతమాత్రమున రెండును ఒక్కటే యని తలపరాదు.

ఈ మాటకు మూలము లాటిను భాషలో నున్నది. ఆ భాషలో ‘ఐక్వుస్’ అనగా ఎగుడుదిగుడులు లేనిది, సమమైనది. గణితమున మీరు వాడు ‘ఈక్వల్’ అను మాటయు దాని సంతానమే. ‘ఐక్వుస్’నకు ముందు, కాదను అర్థమిచ్చు ‘ఇన్’ చేరగా సమము కానిది అను అర్థము కలిగినది. మన సంస్కృతమున సమమునకు ఎదురు విషమము గదా! ‘ఇనిక్విటీ’ పుట్టుకలో నున్నది ఆ వైషమ్యమే. పోను పోను అది ఘోరమైన అధర్మమునకు, పాపమునకు పేరైనది. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలులో ఈ మాట పాపమను అర్థమున పలుమారులు కనబడును. కావుననే చిన్న తప్పులకు దీనిని వాడరు. తమ్మునికి పెద్ద లడ్డు, తనకు చిన్న లడ్డు వచ్చినదని ఒకడు ‘ఇనిక్విటీ’ యని మొర పెట్టినచో వినువారు నవ్వుదురు.

ఈ మాటను సరియైన చోట వాడిన వారిలో గాంధీమహాత్ముడొకడు. దండియాత్రకు పది దినములు ముందుగా, 1930 మార్చి 2వ తేదీన, ఆయన రాజప్రతినిధి ఇర్విన్ ప్రభువునకు ఆంగ్లమున లేఖ వ్రాసెను. రెజినాల్డ్ రేనాల్డ్స్ అను ఆంగ్లేయ యువకుడు దానిని ఢిల్లీకి కొనిపోయెను. పేదవాని వైపు నుండి చూచినచో పన్నులన్నిటిలో ఉప్పుపన్ను మిక్కిలి ‘ఇనిక్విటస్’ అయినదని అందులో వ్రాసెను. ఇది మన మాటకు విశేషణరూపము.

ఈ మాటయే యేల? ఉప్పుపన్నులో పైకి పక్షపాతమేమియు కానరాదు. నాడు మణుగు ఉప్పునకు పన్ను రూపాయి పావలా. (ఇది ప్రభుత్వపు మణుగు, సుమారు 37 కిలోలు. మన వైపు మణుగు ఇంతకన్న చాల చిన్నది.) జమీందారుడైనను, కూలివాడైనను మణుగునకు అదే పన్ను. రూపాయికి పదునారణాలు గనుక అది ఇరువదియణాలు. రోజునకు నాలుగణాలు గడించు కూలివాడొకడున్నాడనుకొనుడు. వానికది అయిదు దినముల రెక్కల కష్టము. జమీందారునకది లెక్కలోనికే రాదు. పైగా పేదవాడు ధనికునికన్న ఎక్కువ ఉప్పు తినక తప్పదని గాంధీజీ ఆ లేఖలోనే చూపెను. ఎండలో చెమటోడ్చువానికి, గంజిలో ఉప్పుకల్లే కూరయైనవానికి ఆ మాట వేరుగ చెప్పనక్కరలేదు. అందరిపై ఒకే తీరున పడుటయే ఆ పన్నులోని క్రౌర్యము. అది 1947లో రద్దయ్యెను.

నేను ప్రధానోపాధ్యాయుడనై యుండగా ఒకనాడు తరగతిలో ఈ మాటను ఇట్లే వివరించితిని. ఆలస్యముగ వచ్చినవారెవరైనను రెండు రూపాయలు చెల్లించవలెనని అప్పటికే నియమము చేసియుంటిని. నా కుమారుడును ఆ బడిలోనే చదువుచుండెను. ఒకనాడు వానిచేతను చెల్లింపజేసితిని. ఆ సంగతికి లోలోపల గర్వించుచుంటిననియు ఒప్పుకొనవలెను. పాఠము ముగియుచుండగా వెనుక వరుసనుండి ఒక బాలిక లేచి, “మాస్టారూ! మన బడి జరిమానాను ఏమందురు?” అని యడిగెను.

తరగతి నిశ్శబ్దమయ్యెను. నాకు కొంత కోపము వచ్చిన మాట నిజము. నా నియమము సరియైనదని చూపదలచి జరిమానాల పుస్తకము తెప్పించితిని. పుటలు తిప్పగా ఆ నెలలోని పేరులలో చాల భాగము ఏటి అవతలి రెండు పల్లెల పిల్లలవే. వారు వచ్చు బస్సు మా యూరు చేరునది 9-35కు. బడిగంట 9-30కు. మావాని పేరు ఒక్కమారు కలదు. ఆ రెండు రూపాయలును నా జేబులోనివే.

ఆ బాలికకు వెంటనే బదులు చెప్పలేకపోతిని. మరునాటినుండి గంట 9-45కు కొట్టించితిని.