నీట మునిగిన నౌకకు చుక్కల చిత్రం

సోమశిల రేవులో పుట్టి నడిపేవానిని ఇక్కడ లోతెంత అని అడిగితే, ఒడ్డుకు దగ్గరగా ఉన్నంతవరకు అతడు వెదురుగడను నీటిలోకి దించి చూపుతాడు. గడ నేలను తాకినచోట ఒక లోతు తెలుస్తుంది. రెండు బారల అవతల దించితే మరొక లోతు. ఇట్లు లక్షసార్లు దించి, ఏ చోట ఎంత లోతు వచ్చినదో ప్రతిసారీ రాసుకొంటూ పోతే, నది అడుగు ఆకారం కాగితం మీదికి వస్తుంది. సముద్రంలో మునిగిన యుద్ధనౌకల రూపాన్ని నేడు చిత్రించే పద్ధతికి మూలసూత్రం ఇదే. గడకు బదులు ధ్వని, కాగితానికి బదులు గణకయంత్రం వచ్చినవి.

మన తెలుగుతీరంలోనే అట్టి నౌక ఒకటి ఉన్నది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్టణం రేవు ఎదుట పాకిస్తాను జలాంతర్గామి ‘ఘాజీ’ మునిగిపోయినది. ఇది 1945లో ‘డయాబ్లో’ అనే పేరుతో అమెరికా నౌకాదళంలో చేరినది; 1964లో పాకిస్తానుకు వచ్చినది. పొడవు సుమారు 95 మీటర్లు, వెడల్పు 8 మీటర్లకు కొంచెం పైన. మన విమానవాహక నౌక ‘విక్రాంత్’ను వెదకుతూ వచ్చిన ఈ జలాంతర్గామిలో 93 మంది ఉన్నారు. ఒక్కరూ మిగలలేదు. మన ‘రాజ్‌పుత్’ నౌక జారవిడిచిన జలాంతర బాంబులే దీనిని ముంచినవని భారత నౌకాదళం చెప్పినది. లోపల జరిగిన ప్రేలుడో, తాను పరచిన మందుపాతరలో కారణమని పాకిస్తాను చెప్పినది. 2024లో మన నౌకాదళం లోతునీటి రక్షణవాహనం సహాయంతో ఈ శిథిలాన్ని గుర్తించినది. కాని దానిని తాకలేదు. మరణించినవారి సమాధిగా భావించి వదలివేసినది. ఆ సముద్రభాగంలోనే 1944 ఫిబ్రవరిలో మునిగిన జపాను జలాంతర్గామి ‘ఆర్.ఓ. 110’ కూడ ఉన్నది.

తాకకుండా ఒక వస్తువును కొలవడం ఎట్లా? నేలమీద అయితే కాంతి ఉన్నది. నీటిలో కాంతి ఎంతో దూరం పోదు. ఎరుపు కొద్ది మీటర్లలోనే అణగిపోతుంది. స్వచ్ఛమైన సముద్రంలో నీలం, ఆకుపచ్చ రంగులు కొంత ముందుకు పోతాయి. వరదనాటి కృష్ణనీటిలో చేయి ముంచితే చేయే కనబడదు. రేడియో తరంగాలను ఉప్పునీరు ఇంకా త్వరగా మింగివేస్తుంది. మిగిలినది ధ్వని. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోయే ధ్వని, సముద్రపు నీటిలో సుమారు 1,500 మీటర్లు పోతుంది. చాల దూరం పోతుంది. కొండ ఎదుట నిలిచి కేకవేస్తే ప్రతిధ్వని వచ్చినట్లే, నౌకనుండి పంపిన ధ్వని అడుగును తాకి తిరిగివస్తుంది. లోతు 100 మీటర్లయితే రానూపోనూ 200 మీటర్లు. 200ను 1,500తో భాగిస్తే 0.133 సెకను. ఆ కాలాన్ని కొలిస్తే లోతు తెలిసినట్లే. దీనినే సోనార్ అంటారు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. నీటిలో ధ్వనివేగం అన్ని చోట్లా ఒకటి కాదు. వెచ్చదనం, ఉప్పదనం, పీడనం పెరిగితే వేగం పెరుగుతుంది. మన తీరంలో పైనీరు 30 డిగ్రీల వెచ్చదనంతో ఉన్నప్పుడు వేగం 1,540 మీటర్ల దాకా ఉంటుంది. దానిని 1,500గా తీసుకొంటే 100 మీటర్ల లోతున రెండున్నర మీటర్ల తప్పు వస్తుంది. నౌక గోడ ఎత్తులో రెండున్నర మీటర్ల తప్పు చిన్నది కాదు. కాబట్టి ముందుగా ఒక పరికరాన్ని నీటిలోకి దించి, పైనుండి అడుగువరకు వేగం ఎట్లా మారుతున్నదో కొలుచుకొని, ఆ తరువాతనే పనిలోకి దిగుతారు.

పాతకాలపు సోనార్ ఒకసారికి ఒక లోతునే చెప్పేది. నేటి బహుకిరణ సోనార్ ధ్వనిని విసనకర్రలాగా పరచి పంపి, ఒక్క విడతలోనే కొన్ని వందల దిక్కులనుండి వచ్చే ప్రతిధ్వనులను వేరువేరుగా వింటుంది. నౌక ముందుకు సాగేకొద్దీ వరుస పక్కన వరుసగా కొలతలు పేరుతాయి. అలలకు నౌక ఒక డిగ్రీ ఒరిగినా, 100 మీటర్ల అడుగున చుక్క ఒకటిముప్పాతిక మీటరు పక్కకు జరుగుతుంది. అందుచేత ఊపును కొలిచే యంత్రం, ఉపగ్రహాలతో స్థానాన్ని చెప్పే యంత్రం తోడుగా ఉండాలి. చివరకు మిగిలేవి కోట్లాది చుక్కలు. ప్రతి చుక్కకు మూడు అంకెలు: తూర్పుపడమరలు, ఉత్తరదక్షిణాలు, లోతు. ఈ చుక్కల మేఘమే నౌకకు డిజిటల్ రూపం.

తరగతిలో దీనిని ఖర్చులేకుండా చూపవచ్చును. గంగాళంలో బురదనీరు పోసి, అడుగున ఒక చెంబును అడ్డంగా పడుకోబెట్టండి. గంగాళం మీద దారాలతో రెండేసి సెంటీమీటర్ల గళ్ళు కట్టండి. ఒక్కొక్క గడిలోనుండి చీపురుపుల్లను నిట్టనిలువుగా దించి, తడిసిన పొడవును కొలిచి, గళ్ళకాగితం మీద రాయమనండి. తక్కువ లోతులకు ముదురురంగు, ఎక్కువ లోతులకు లేతరంగు వేయిస్తే, చెంబును చూడని విద్యార్థి కూడ దానిని గుర్తుపడతాడు. తరువాత గళ్ళను ఐదేసి సెంటీమీటర్లకు పెంచండి. చెంబు కాస్తా మట్టిగడ్డ అవుతుంది.

సోనార్‌కు కూడ ఇదే బాధ. ఒక డిగ్రీ వెడల్పు ఉన్న కిరణం 100 మీటర్ల లోతున 1.75 మీటర్ల గడి అవుతుంది. ఘాజీ వంటి 8 మీటర్ల వెడల్పు నౌకకు అడ్డంగా ఐదు గళ్ళు కూడ పట్టవు. నౌక ఉన్నదని తెలుస్తుంది. దాని తలుపు తెరచి ఉన్నదా, మూసి ఉన్నదా తెలియదు. కిరణాన్ని సన్నం చేయాలంటే పౌనఃపున్యాన్ని పెంచాలి. సెకనుకు 4 లక్షల కంపనాల ధ్వనికి తరంగదైర్ఘ్యం నాలుగు మిల్లీమీటర్లకు లోపే. అయితే అట్టి ధ్వనిని నీరు త్వరగా శోషిస్తుంది, దూరం పోనీయదు. మార్గం ఒకటే: దగ్గరకు పోవడం. మనిషిలేని వాహనాన్ని నౌకకు 10 మీటర్ల దూరానికి పంపితే గడి 17 సెంటీమీటర్లకు తగ్గుతుంది.

ఇంకా దగ్గరకు పోతే కెమెరా పనిచేస్తుంది. బొటనవేలిని ముఖం ఎదుట నిలిపి ఒక్కొక్క కన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ జరిగినట్లు కనిపిస్తుంది. ఎంత జరిగినదో దానినిబట్టి దూరం లెక్కకట్టవచ్చును. వస్తువు చుట్టూ తిరిగి వేలకొద్దీ ఫోటోలు తీసి, ఒకే మేకు, ఒకే పగులు ఏయే ఫోటోలలో ఎక్కడ కనబడినదో గణకయంత్రం చేత వెదకిస్తే, ఇదే లెక్కతో పూర్తి ఆకారం వస్తుంది. 2022లో 3,800 మీటర్ల లోతున ఉన్న ‘టైటానిక్’ను ఏడు లక్షలకు పైగా చిత్రాలతో ఇట్లు రూపొందించినారు.

యుద్ధనౌకలలో పేరుపొందిన ఉదాహరణ ‘ఆరిజోనా’. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరులో ఇది మునిగి 1,177 మంది మరణించినారు. తొమ్మిది వందల మందికి పైగా నేటికీ అందులోనే ఉన్నారు. 1983, 84లలో గజ ఈతగాళ్ళు తాళ్ళు, టేపులు పట్టుకొని మసకనీటిలో దీనిని కొలిచి పటాలు గీశారు. మన ఇంజనీర్లకు ఆ శ్రమ బాగా తెలుసు. 2013 తరువాత సోనార్, లేజర్, ఫోటోలు కలిపి కొత్త రూపం తయారుచేశారు. ప్రాణాలతో బయటపడినవారిలో చివరివాడైన లూ కాంటర్ 2024లో తన 102వ ఏట మరణించినాడు. ఆ ఓడనుండి బయటపడినవారెవరూ ఇక లేరు. ఇనుము ఏటేటా తుప్పుపట్టి పలుచబడుతున్నది. కొన్నేళ్ళ ఎడంతో తీసిన రెండు చుక్కల మేఘాలను ఒకదానిమీద ఒకటి పెడితే ఏ గోడ ఎంత వంగినదో లెక్క దొరుకుతుంది.

కొలత సాక్ష్యం కూడ అవుతుంది. 1942 ఫిబ్రవరిలో జావా సముద్రంలో మునిగిన డచ్చి యుద్ధనౌకలు ‘డి రైటర్’, ‘జావా’ల జాడ 2002లో దొరికినది. 2016లో సోనార్‌తో మళ్ళీ చూస్తే నౌకలు లేవు! నౌక ఆకారంలో పడిన గుంట మాత్రం సముద్రపు అడుగున ఉన్నది. పాత ఇనుము కోసం సమాధులనే తవ్వుకొనిపోయినారు.

ఘాజీ విషయంలో ఇట్టి చిత్రం ఏమి చెప్పగలదు? రేకులు లోపలికి వంగినవా, బయటికి విచ్చుకొన్నవా చూస్తే ప్రేలుడు ఏ వైపునుండి జరిగినదో కొంత ఊహించవచ్చును. కొంత మాత్రమే. స్కానింగ్ ఆకారాన్ని ఇస్తుంది, కారణాన్ని ఇవ్వదు. యాభై ఏళ్ళ తుప్పు, ఒండ్రు ఆ ఆకారాన్ని కూడ మార్చివేస్తాయి.

మనకు దగ్గరగానే మునిగిన లోకం మరొకటి ఉన్నది. శ్రీశైలం జలాశయం నిండేముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయిగా విప్పి అలంపురానికి తరలించినారు. జటప్రోలు ఆలయాలను కూడ ఎత్తుప్రాంతానికి చేర్చినారు. గుడులు కదలినవి. ఇళ్ళు, చావడులు, బావులు నీటిలోనే ఉండిపోయినవి. వాటిని ఎవరూ గుడులవలె కొలవలేదు. ఇదే ప్రతిధ్వని పద్ధతితో జలాశయాన్ని కొలిచినప్పుడు, మొదట 308 టి.ఎం.సి.లుగా ఉన్న నిల్వసామర్థ్యం సుమారు 215కు తగ్గినదని తేలినది. ఆ తేడా అంతా ఒండ్రుమట్టి. మునిగిన ఊళ్ళను కప్పుతున్నదీ అదే.

వేసవిలో నీరు వెనుకకు తగ్గినప్పుడు కొల్లాపురం వైపున బయటపడే పాత గోడను విద్యార్థులు కొలవదలచితే సోనార్ అక్కరలేదు; ఒక ఫోను చాలును. గోడ పక్కన ఒక మీటరుబద్దను ఉంచాలి. లేకుంటే ఆకారం వస్తుంది కాని పరిమాణం తెలియదు. ఒక్కొక్క అడుగు పక్కకు జరుగుతూ, ప్రతి ఫోటోలో ముందరి ఫోటోలోని మూడింట రెండు వంతులు మళ్ళీ కనబడేటట్లు తీస్తూ చుట్టూ తిరగాలి. ఎండ నిలువుగా ఉన్న వేళకంటే మబ్బుపట్టిన ఉదయం మేలు, నీడలు తక్కువ. ఆ ఊరివారు ఎవరైనా దొరికితే అది ఎవరి ఇల్లో అడిగి, తేదీతో సహా ఫోటోలతోపాటే రాసిపెట్టాలి.