తాళాల గుత్తికి బ్యాటరీ డబ్బీ

హైదరాబాదులో తార్నాక నుంచి తూర్పుగా వస్తే హబ్సిగూడ చౌరస్తాలో దారి చీలుతుంది. ఎడమకు తిరిగితే నాచారం, తిన్నగా పోతే ఉప్పల్. రెండుచోట్లా పారిశ్రామికవాడలున్నాయి. ఇటువంటి వాడల్లో ప్లాస్టిక్ సామాన్లు పోసే షెడ్డు ఒక్కటైనా మీ కంటపడే ఉంటుంది. దానా అని పిలిచే ప్లాస్టిక్ గింజలను యంత్రం కరిగించి, ఉక్కు అచ్చులోకి గట్టిగా నెడుతుంది. చల్లారగానే అచ్చు రెండుగా విడిపోతుంది, వస్తువు రాలిపడుతుంది. సీసా మూతలు, దువ్వెనలు, స్విచ్చు డబ్బాలు అన్నీ అలా పుట్టేవే. అటువంటి షెడ్డులో చేయించదగిన ఒక చిన్న వస్తువును గురించి చెప్పుకుందాం. అది తాళాల గుత్తికి వేలాడే బ్యాటరీ డబ్బీ.

జేబులో వేసుకునే బ్యాటరీకి డబ్బీ దేనికంటారా? 9 వోల్టుల బ్యాటరీని చూడండి. దాని రెండు ధ్రువాలూ ఒకే తలమీద పక్కపక్కనే ఉంటాయి. జేబులో తాళంచెవి ఆ రెండింటికీ అడ్డంగా పడిందా, విద్యుత్తుకు దగ్గరిదారి దొరికినట్లే! మధ్యలో బల్బు వంటి అడ్డేమీ లేదు గనుక ప్రవాహం ఒక్కసారిగా పెరిగి, తాళంచెవీ బ్యాటరీ రెండూ వేడెక్కుతాయి. దీన్నే షార్ట్ సర్క్యూట్ అంటారు. కాబట్టి డబ్బీ విద్యుత్ బంధకమై ఉండాలి. ఇత్తడితో తాబేలులా చేస్తే చూడముచ్చటగా ఉంటుంది గాని, లోపల ప్లాస్టిక్ పొర వేయకపోతే ఆ తాబేలే షార్ట్ సర్క్యూట్ చేస్తుంది.

ఇక కొలతలు. తాళాల గుత్తి దీపాల్లో తరచు కనిపించేది బిళ్ళ సెల్లు. దానిమీద సీఆర్ 2032 అని ఉంటే అదేమీ రహస్యలిపి కాదు. సీ అంటే లిథియం, మాంగనీస్ డయాక్సైడ్ రకం. ఆర్ అంటే గుండ్రనిది. 20 వ్యాసం, మిల్లీమీటర్లలో. 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. డబ్బీ లోపలి కొలత ఇలా ముందే తేలిపోయింది. రూపకర్తకు మిగిలింది పైరూపమే.

ఆ పైరూపానికి మన దేశంలో చట్టరక్షణ ఉంది. 1911 నాటి చట్టం స్థానంలో 2000లో వచ్చిన డిజైన్ల చట్టం ప్రకారం, ఒక వస్తువు ఆకారాన్నో అలంకరణనో నమోదు చేయించుకుంటే మొదట 10 ఏళ్ళు, కోరితే మరో 5 ఏళ్ళు ఇతరులు కాపీ కొట్టరాదు. ఆ రూపం కొత్తదై ఉండాలి, అంతకు ముందు ఎక్కడా వెల్లడి కాకూడదు. అక్కడ తీర్పరి కన్ను ఒక్కటే. చేప ఆకారపు డబ్బీ తయారుచేశారనుకోండి, చేపకు రక్షణ దొరుకుతుంది గాని, లోపల సెల్లును పట్టుకునే స్ప్రింగు పనితనానికి దొరకదు. ఆ పనితనం నిజంగా కొత్తదైతే వేరే దారి పేటెంటు, దాని గడువు 20 ఏళ్ళు.

నాకు మాత్రం ఇక్కడే ఒక బెంగ. చేపలా, బొమ్మలా ముద్దుగా ఉన్న వస్తువును పసిపిల్లలు వదులుతారా? మూత ఊడి సెల్లు నోట్లోకి పోతే, 20 మిల్లీమీటర్ల బిళ్ళ అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అక్కడి తడిలో విద్యుత్తు ప్రవహించి, రుణధ్రువం దగ్గర హైడ్రాక్సైడ్ అయానులు పుడతాయి. అంటే ఘాటైన క్షారమన్నమాట. రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. దీపం వెలిగించలేని పాత సెల్లు కూడా ఈ పని చేయగలదు. మింగినట్లు అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయక, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అమెరికాలో 2022లో ఇందుకోసమే ఒక చట్టం చేశారు. దానివల్ల వచ్చిన నియమాల ప్రకారం బిళ్ళ సెల్లు ఉండే అర స్క్రూడ్రైవరు వంటి పనిముట్టుతోనే తెరుచుకోవాలి, లేదా చేతులతో రెండు వేర్వేరు పనులు ఒకేసారి చేస్తేనే తెరుచుకోవాలి.

మీ ఇంటి తాళాల గుత్తికి చిన్న దీపం ఉంటే తిప్పి చూడండి. మూతకు స్క్రూ ఉందా, లేక గోటితో గిల్లితే ఊడివస్తోందా? ఊడివచ్చేదైతే ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి. పాత సెల్లు తీసినప్పుడు రెండువైపులా టేపు అంటించి, చంటివాళ్ళకు అందని చోట పెట్టండి.