సుడిదోమకు మందుకంటే ముందు మాట్లాడుకోండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వరి రైతులారా! సుడిదోమ కనబడగానే అప్పు చేసి మందుకు ఉరకకండి. తొందరపడి కొట్టిన మందుకు దోమను తినే సాలీళ్లు చస్తాయి, దోమ మళ్లీ లేస్తుంది. 1989లో ఇండోనేషియాలో ఈ బెడదతోనే పొలంబడి మొదలైంది.

అయిదుగురేసి జట్టుగా మడిలో దిగి, కుదుళ్ల మొదట్లో దోమలెన్ని, సాలీళ్లెన్ని ఉన్నయో లెక్కపెట్టండి. తర్వాత ఒడ్డుమీద కూర్చొని తలా ఒక ఉపాయం చెప్పండి. నీళ్లు తీసి ఆరబెడదామని ఒకరనొచ్చు, యూరియా తగ్గిద్దామని ఇంకొకరు. అన్నీ రాసుకునేదాకా "ఇది పనికిరాదు" అనొద్దు. పెద్దరైతు ముందు మాట్లాడితే కౌలుదారు, ఆడవాళ్లు నోరు విప్పరు. వాళ్లతోనే మొదలుపెట్టండి. నాటేసేదీ, కలుపుతీసేదీ వాళ్లే కదా!

నచ్చిన ఉపాయాన్ని మొదట ఒక్క మడిలో చేసి చూడండి. 2 మీటర్లకొకటి 20 సెంటీమీటర్ల కాలిబాట మాత్రం నాట్లప్పుడే వదలాలి. సందేహముంటే పొలాస పరిశోధన స్థానంలో అడగండి.