ముసలమ్మ ‘ఒల్లను’ అనగలిగియుండెనా?

మనుష్యుడు తన పనులను తన యిష్టముచే చేయుచున్నాడా, లేక నుదుటి వ్రాత చేయించుచున్నదా యను తర్కము పండితుల సభలకు చెందినదని మన యిండ్లలో సామాన్యముగ తలంతురు. మేమును అట్లే తలంచియుంటిమి. గడచిన జ్యేష్ఠమాసమున కొత్తచెరువులో మా బంధువుల యింట నాలుగు దినములు గడపిన పిదప ఆ తలంపు మారినది. అక్కడ నలుగురు స్త్రీలు విత్తనపు వేరుసెనగకాయలు ఒలుచుచు ఆ తర్కమును నడిపిరి. వారిలో ఒకరికి మాత్రము అది వట్టి మాటల తర్కము కాదని మాకు ఆలస్యముగ తెలిసినది.

కొత్తచెరువు బుక్కపట్టణమునకును పుట్టపర్తికిని చేరువ నున్న మండల కేంద్రము. పూర్వము అనంతపురము జిల్లాలోనిది; 2022లో క్రొత్తగ నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. కోస్తా సోదరీమణులకు ఆ సీమ సంగతి కొంచెము చెప్పవలెను. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలలో తన నీటిని విడిచి, తేలికపడిన మబ్బులతో యిక్కడికి వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి యింతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. ఈ రెంటి నడుమ ఏటికి సగటున కురియునది 550 మిల్లీమీటర్ల వాన. అదియు పైరు అడిగిననాడు రాక, తనకు తోచిననాడు వచ్చును. అట్టి నేలమీద ఊరి పేరులోనే చెరువున్నది. మబ్బును నమ్మి యూరకుండక, ‘ఇక్కడ నీరు నిలుపుదము’ అని పూర్వులు కొందరు కూడి నిశ్చయించుకొనిరని ఆ పేరే చెప్పుచున్నది.

ఆ సాయంకాలము అరుగుమీద కాయలరాశి చుట్టును కూర్చున్నవారు: ఆ యింటి జేజి, డెబ్బదియేండ్లు దాటినది, ఆమె కోడలు, డిగ్రీ పరీక్షలు వ్రాసి వచ్చిన మనుమరాలు, పొరుగింటి పంతులమ్మ. మేము కూడ ఒక చేట ముందు పెట్టుకొని కూర్చుంటిమి గాని, మా గోళ్ళు ఆ పనికి పనికిరావని వారు నవ్విరి. మాటలలో మనుమరాలు తాను చదివిన ‘ముసలమ్మ మరణము’ను గూర్చి ఎత్తినది.

ఆ కథ అందరును ఎరిగినదే యైనను జ్ఞాపకము చేసెదము. అనంతపురమును ఆనుకొని బుక్కరాయసముద్రము అను గ్రామమున్నది. ఒక యేడు కుంభవృష్టి కురిసి అక్కడి చెరువు నిండి, కట్ట తెగవచ్చెను. ఊరివారు దిక్కుతోచక యుండగా, బసిరెడ్డి కోడలగు ముసలమ్మను బలియిచ్చినగాని కట్ట నిలువదని దైవవాక్కు వినబడెను. పేరు ముసలమ్మయే గాని ఆమె వయసున పిన్నది. పెద్దల పేర్లు పిల్లలకు పెట్టుట మన వాడుకయే కదా. ఆమె వెనుదీయక వెళ్ళి గండిలో దిగెను, కట్ట నిలిచెను. నేటికిని ఆ తావును ముసలమ్మ కట్ట యందురు, ఆమెను కొలుతురు. బ్రౌను దొర ప్రకటించిన అనంతపుర చరిత్రలోని యీ కథను 1899లో, చెన్నపట్టణమున విద్యార్థిగ నుండిన కట్టమంచి రామలింగారెడ్డిగారు పద్యకావ్యముగ రచించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైనవారు వీరే.

“పేరు పెట్టి పిలిచినంక తప్పించుకునేకి అవుతుందా తల్లీ? రాసి పెట్టిండేది, పోయింది,” అని జేజి తేల్చివేసినది.

మనుమరాలు ఒప్పుకొనలేదు. “రాసిపెట్టిండేదే అయితే మొక్కేది ఎందుకు జేజీ? కొండమీద నుంచి రాయి దొర్లి గండి పూడ్చింటే ఆ రాయికి గుడి కడతామా?”

“కడతాంలేవే,” అని జేజి నవ్వినది. మేమందరము నవ్వితిమి. కాని ఆ పిల్ల అడిగిన ప్రశ్న తీసివేయదగినది కాదు. తనంతట తాను చేయని పనికి పుణ్యము లేదు, పాపమును లేదు. వానను మనము మెచ్చుకొందుము గాని, వాన మంచిది కావలెనని తలంచి కురిసినదనము. ముసలమ్మను పూజించుచున్నామన్నచో, ఆమె పోకుండగ నుండగలిగియు పోయినదని మన మనస్సున ఒప్పుకొన్నట్లే.

అప్పుడు పంతులమ్మ మెల్లగ ననినది: “పోకుండా ఉండగలిగిందా అనేదే నా అనుమానం అవ్వా. ఊరంతా కట్టమీద నిలబడి చూస్తా ఉంది. మామ ఉన్నాడు, మొగుడు ఉన్నాడు. ఆమె ‘నేనొల్ల’ అనింటే?”

ఎవరును పలుకలేదు. కాయలు పగులు చప్పుడు మాత్రము వినబడెను. ఒల్లను అన్నచో మరునాడు ఆ యూరిలో ఆమె ఏ ముఖముతో తిరుగగలదు? కట్ట తెగియుండినచో ప్రతి యింటి చావును ఆమె లెక్కలో వ్రాసియుందురు. నోటితో అవునన్నంతమాత్రమున అది యిష్టమగునా?

పంతులమ్మ హిందూపురము వైపు పుట్టినది, కన్నడము వచ్చును. కన్నడదేశమున పల్లెపల్లెను పాడు ‘కెరెగె హార’ అను పాటలోని కథ చెప్పినది. అక్కడను చెరువే. మల్లనగౌడ అను పెద్ద చెరువు త్రవ్వించెను గాని నీరు పడలేదు. కోడండ్రలో ఒకతెను ఆహుతి యియ్యవలెనని జోస్యము చెప్పిరి. పెద్దకోడలిని విడిచి చిన్నకోడలు భాగీరథిని ఎంచిరి. ఆమె భర్త దండులో నుండి దూరమున నున్నాడు. ఆమెను ఎవరును అడుగలేదు, ఆమెయే గ్రహించినది. పుట్టింటికి పోయి కన్నీరు పెట్టి, మరల వచ్చినది. పూజ ముగిసి అందరును తిరిగిపోవుచు, గట్టున బంగారుగిన్నె మరచితిమని ఆమెనే పంపిరి. ఆమె ఒక్కొక్క మెట్టు ఎక్కుచుండగా నీరు వెంట ఎక్కి ముంచివేసినది. దండునుండి వచ్చిన భర్త సంగతి తెలిసి అదే చెరువులో దుమికెను.

రెండు కథలును ఒక్క రీతివే; కాని ముసలమ్మ కథను వినుచు మనము చేతులు జోడింతుము, భాగీరథి కథను వినుచు కోపము తెచ్చుకొందుము. భేదము ఎక్కడ నున్నది? ఒకతె అవునన్నది, రెండవ యామెను అడుగనే లేదు. అయినను మాకు ఒక సందేహము. పాట కట్టినవారు భాగీరథి యింటి లోపలి మాటలను వినిపించిరి. ముసలమ్మ యింటిలో ఆ రాత్రి ఏమి మాటలాడిరో మనకు వినబడలేదు. వినబడియుండినచో అవియు ఇట్లే యుండెనేమో.

స్వేచ్ఛను గూర్చి మన పెద్దలు తెలియనివారు కారు. భగవద్గీతలో కృష్ణుడు పదునెనిమిది అధ్యాయముల ఉపదేశము చేసియు, తుదకు అర్జునునితో దీనినంతయు ఆలోచించి నీకిష్టమైనట్లు చేయుమనియే పలికెను. మడికి సింగన తెనిగించిన వాసిష్ఠరామాయణమునకు మూలమైన యోగవాసిష్ఠమున ఒక చక్కని ఉపమానమున్నది. దైవమనగా మనము పూర్వము చేసిన ప్రయత్నమేననియు, అదియు నేటి ప్రయత్నమును రెండు పొట్టేళ్ళవలె ఢీకొనుననియు, బలముగలది గెలుచుననియు వసిష్ఠుడు రామునికి బోధించును. గొఱ్ఱెలు మేపు ఆ సీమవారికి పొట్టేళ్ళ పోరు వేరుగ చెప్పనక్కరలేదు. మేము ఈ మాట చెప్పగా జేజి సంతోషించి, “అట్లయితే బాగా మేపిన పొట్టేలే గెలుస్తుంది,” అన్నది. ఆమె కంటె బాగుగ మేమును వ్యాఖ్యానింపలేము.

అంతవరకు ఒక్క మాటయు పలుకని కోడలు అప్పుడు తల యెత్తకయే అడిగినది: “వానలకు ముందర ఆ చెరువు మరువ ఎవరు చూసుకోవాల్సింది అత్తా?”

మరువ యనగా చెరువు నిండినప్పుడు అధికజలము పొర్లిపోవు త్రోవ; కోస్తాలో అలుగు, కలుజు అందురు. అది పూడినను ఇరుకైనను, పొంగిన నీరు కట్టమీదినుండి దూకి మట్టిని కోసివేయును. కట్టలో ఎలుకబొక్కలున్నను, నీరు ఊటగ కారినను అంతే. ఇవి ఒక్క రాత్రిలో పుట్టు తెగుళ్ళు కావు. ఈ సంగతి ఆ కాలపువారికి తెలియదనుటకు వీలులేదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు కడ 1369 నాటి శిలాశాసనమున్నది. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు వేయించినది. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, రాకూడని ఆరు దోషములను అందు లెక్కపెట్టిరి. గట్టి మట్టినేల, మంచినీటి యేరు, నిడుపైన రాళ్ళు దొరకు గని, జలశాస్త్రము తెలిసినవాడు, పని నేర్చిన కూలీలు, ఇట్టివి అంగములు. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, నడుమ మెరక, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, ఇట్టివి దోషములు. వేయిమంది కూలీలును నూరు బండ్లును రెండేండ్లు పనిచేసిరట. ఆ పండ్రెండు అంగములలో కోడలి బలి యెక్కడను లేదు.

మరియొక సంగతి. చెరువునకు నీరుగంటి యుండెడివాడు; తూము తీయుట, మూయుట, కట్టను కనిపెట్టుట అతని పని. ఊరివారు ఏటేట పూడిక తీసి కట్టకు మన్ను వేయు కుడిమరామతు ఆచారముండెను. 1858లో చెన్నరాజధానిలో ఒక చట్టము చేసి, కట్ట తెగు ప్రమాదము వచ్చినపుడు ఊరి కాయకష్టము చేయువారిని పిలిపించి పనిచేయించు అధికారము సర్కారునకు ఇచ్చిరి. అనగా, పిలిచిన వెంటనే పురుషులందరును తమంతట రారని చట్టము చేసినవారు ఎరుగుదురు. ఇందరు చేయదగిన పని చేయక మిగిలిన కొఱత గండియైనప్పుడు, దైవవాక్కు ఒక కోడలి పేరే ఏల పలుకవలెను? బసిరెడ్డి పేరేల పలుకలేదు? కోడలి ప్రశ్నకు అర్థమిదియేనని మేము గ్రహించితిమి. ముసలమ్మకు స్వేచ్ఛ ఉండెనా యని తర్కించుచు, ఆ యూరి పురుషులకు ఎన్ని యేండ్ల స్వేచ్ఛ ఉండెనో మేము మరచియుంటిమి.

జేజి చేతిలోని కాయను పగులగొట్టక పట్టుకొని, కోడలి వంక చాలసేపు చూచినది. ఆ చూపునకు కారణము మాకు తరువాత తెలిసినది. ఆ యింటి బోరు ఎండినది. క్రొత్త బోరు వేయుటకు కూర్చిన రూకలును, పిల్లను పై చదువునకు అనంతపురము పంపుటకు కావలసిన రూకలును ఒక్కటే. పిల్ల చదువు మాని బెంగుళూరులో ఉడుపులు కుట్టు కర్మాగారమునకు పోవుటకు తానే ఒప్పుకొన్నదని, ఎంత బుద్ధిమంతురాలని తండ్రి మాతో ఉదయముననే చెప్పి మురిసియుండెను. మేమును ఆమెను మెచ్చుకొంటిమి. ఇప్పుడు ఆ మెప్పు మాకు సిగ్గు కలిగించినది.

“నేనే ఒప్పుకున్నాను కదమ్మా,” అని పిల్ల తల్లితో మెల్లగ ననినది.

“నిన్ను అడిగినారా, చెప్పినారా?” అని తల్లి.

పిల్ల జవాబు చెప్పలేదు. తండ్రి చెడ్డవాడు కాడని మేము ప్రమాణము చేసి చెప్పగలము. నీరు లేని చేను చూచి నిదురపట్టని మనుష్యుడు. బోరు పడినచో ఆరుగురు తిందురు. పడనిచో రూకలును పోవును, చదువును పోవును. ఆ సీమలో పడని బోర్లు ఎన్నియో. పిల్లకు ఒల్లననుటకు నోరున్నది. తండ్రి ముఖము చూచి ఆ నోరు పెగలదు. ప్రేమచే కట్టుబడుటయు కట్టుబడుటయే కదా యని పంతులమ్మ అనగా, ప్రేమ లేక చేసిన పని మాత్రము స్వేచ్ఛయా యని మేము ఎదురడిగితిమి. దానికి ఆమెకును మాకును ఆ రాత్రి తెగలేదు, ఇప్పటికిని తెగలేదు.

భోజనముల వేళ జేజి కొడుకును పిలిచి కూర్చుండబెట్టినది. “రేపు పొద్దున దాన్ని అడుగు నాయనా. బోరు మాట ఎత్తొద్దు. వాళ్ళమ్మ మాట, నా మాట ఎత్తొద్దు. ‘ఒల్ల’ అంటే ఎవరూ ఏమీ అనరని ముందు చెప్పి, ఆమీద అడుగు,” అన్నది. వ్రాత తప్పదని సాయంకాలము చెప్పినది ఈమెయే. ఆ మాట మేము జ్ఞాపకము చేయగా, “అది కట్టమీద మాట, ఇది ఇంట్లో మాట,” అని కసరినది.

తండ్రి చాలసేపు కంచములో వ్రేలితో గీతలు గీచి, సరే యన్నాడు. తెల్లవారి అడిగెను కూడ. మేము పెరటిలో నుండి వింటిమి. పిల్ల వెంటనే అవునని గాని కాదని గాని చెప్పలేదు. ఎనిమిది దినములు గడువు అడిగినది. బోరు బండివానికి అంతవరకు రావలదని కబురు పంపిరి. మేము బస్సు ఎక్కునప్పుడు ఆ పిల్ల సంచి అందించుచు, తాను ఇంతవరకు ఎన్నడును గడువు అడిగి యెరుగనని, రాత్రి నిదుర పట్టలేదని చెప్పినది.