నాలుగు నెలలకోసారి

ఒక ఊళ్లో ఒక అంగన్వాడీ ఆయమ్మ ఉంది. ఆమె చెల్లెలు కాన్పుకని పెద్దాసుపత్రికి పోయింది. బిడ్డ పుట్టింది. కానీ తల్లికి రక్తం పోవడం ఆగలేదు. "వెంటనే రక్తం ఎక్కించాలి" అంది డాక్టరమ్మ. రక్తనిధిలో ఆ గ్రూపు రక్తం రెండు ప్యాకెట్లు ఉన్నాయి. తెచ్చి ఎక్కించారు. చెల్లెలు బతికింది.

ఆ రక్తం ఎవరిది? ప్యాకెట్ మీద ఇచ్చినవాళ్ల పేరు లేదు. గ్రూపు, నంబరు, తేదీ ఉన్నాయి. ఎవరో ముందే ఇచ్చి పోయారు. అందుకే సమయానికి అందింది. "నేను కూడా ఇస్తాను" అనుకుంది ఆయమ్మ.

అత్త భయపడింది. "ఏమే, రక్తం తీయించుకుంటే నీ ఒంట్లో ఏం మిగుల్తుంది? పొలం పని ఎట్లా చేస్తావు?" అంది.

ఎంత తీస్తారు?

ఆడవాళ్ల ఒంట్లో సుమారు 4 నుంచి 5 లీటర్ల రక్తం ఉంటుంది. మామూలుగా తీసేది 350 మిల్లీలీటర్లు. అందులోని నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది. ఎర్ర కణాలు తిరిగి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే ఆడవాళ్లు 4 నెలలకోసారి, మగవాళ్లు 3 నెలలకోసారి మాత్రమే ఇవ్వాలి.

సూది కొత్తది. సంచి కొత్తది. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడరు. కాబట్టి ఇచ్చేవాళ్లకు రోగం అంటదు.

మొదటిసారి ఏమయింది?

ఆయమ్మ శిబిరానికి పోయింది. బరువు చూశారు. బి.పి. చూశారు. వేలి నుంచి ఒక చుక్క తీసి పరీక్ష చేశారు. "అమ్మా, నీకే రక్తం తక్కువుంది. ఇప్పుడు తీయము" అన్నారు. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆమెకు 10 ఉంది.

ఆయమ్మకు చిన్నతనం అనిపించింది. కానీ ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. 2019-21 సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అందరికీ పెట్టి, మిగిలింది తినే ఇల్లాలికి రక్తం ఎట్లా పడుతుంది?

ఆయమ్మ డాక్టరు చెప్పినట్టు ఐరన్ మాత్రలు వేసుకుంది. నులిపురుగుల మాత్ర మింగింది. తోటకూర, మునగాకు, రాగిసంకటి, గుడ్డు తిన్నది. పప్పులో నిమ్మకాయ పిండుకుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగడం మానేసింది. కొన్ని నెలలకు మళ్లీ పోయింది. ఈసారి 12.8 ఉంది.

పది నిమిషాల్లో పని అయిపోయింది. పండ్లరసం, బిస్కెట్లు ఇచ్చారు. కాసేపు కూచోబెట్టి పంపారు. ఆ రోజు బరువులు మోయలేదు. మర్నాడు ఎప్పటిలాగే పనికి పోయింది.

ఒకసారి మాత్రం పొరపాటు చేసింది. శుక్రవారం ఉపవాసం ఉండి, ఆ సంగతి చెప్పకుండా రక్తం ఇచ్చింది. కళ్లు తిరిగాయి. అప్పటినుంచి తిని, బాగా నీళ్లు తాగి పోతుంది.

మళ్లీ మళ్లీ ఎందుకు?

రక్తం ఫ్యాక్టరీలో తయారు కాదు. మనిషికి మనిషే ఇవ్వాలి. ఎర్ర కణాలు 35 నుంచి 42 రోజులే నిలవ ఉంటాయి. తలసేమియా ఉన్న పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అందుకే ఒకసారి ఇచ్చి ఊరుకుంటే చాలదు. డబ్బుకు రక్తం అమ్ముకోవడం మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం.

ఎవరు ఇవ్వవచ్చు?

18 ఏళ్లు నిండాలి. బరువు 45 కిలోలు ఉండాలి. ఆరోగ్యం బాగుండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవ్వకూడదు. నెలసరి రోజుల్లో కూడా వద్దు. మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఆయమ్మకు లెక్క సులువు. చైత్రం, శ్రావణం, మార్గశిరం. ప్రతిసారీ ముందు పరీక్ష. రక్తం తక్కువుంటే ఆ సారి ఆగుతుంది.

ఇప్పుడు అత్తే గుర్తు చేస్తుంది. "శ్రావణం వచ్చింది గదే. మునగాకు కోసుకొచ్చాను. ముందు నువ్వు తిను" అంటుంది.

మాట్లాడుకోండి
మీ ఇంట్లో అందరికన్నా చివర ఎవరు తింటారు?
మీ హిమోగ్లోబిన్ ఎంతో మీకు తెలుసా?