మందుచీటీకి అందని సంగతులు

రేడియో కేంద్రమునకు వచ్చు జాబులన్నియు పాటలు కోరునవి కావు. “మా యింటి పరిస్థితి ఇట్లున్నది, ఏమి చేయుమందురు?” అని అడుగునవియు నడుమ నడుమ వచ్చుచుండును. సలహా చెప్పుటకు ఎవరి నోరు ఊరుకొనును? మాకును వెంటనే కలము కదలును. కాని ఆ సలహాను పాటించు వీలు అడిగినవారికి కలదో లేదో మేమెరుగము. ఆ వీలును ముందుగా విచారించుటయే వృత్తిగా గలవారు వైద్యశాలలలో కొందరున్నారు. వారిని వైద్య సాంఘిక సేవకులందురు. వారు రోగులతో జరుపు సంభాషణకే నేడు కౌన్సెలింగ్ అను పేరు వాడుకలో నున్నది. ఆ వృత్తికి తొలిరూపు దిద్దినవారిలో ఐడా కానన్ ముఖ్యురాలు.

ఆమె 1877లో అమెరికాలోని మిల్వాకీ నగరమున జన్మించెను. నర్సు శిక్షణ పొంది, సెయింట్ పాల్ నగరమున పేదల యిండ్లకు పోయి ఉపచారములు చేసెను. జేన్ ఆడమ్స్ చేసిన ఉపన్యాసమొకటి విని, జబ్బునకును బ్రదుకునకును గల సంబంధమును తెలిసికొనగోరి, సాంఘిక సేవా విద్యకై బోస్టన్ చేరెను.

ఆ నగరమందలి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ రిచర్డ్ కాబట్ 1905లో ఒక క్రొత్త యేర్పాటు చేసియుండెను. క్షయకు ఆనాడు మందు లేదు. పాలు, గ్రుడ్లు, మంచి గాలి, విశ్రాంతి, ఇవియే చికిత్స. చీటీపై ఇవి వ్రాసియిచ్చుట క్షణములో పని. కాని ఒక్క గదిలో ముగ్గురు బిడ్డలతో కాపురముండి, కుట్టుపనితో పొట్టపోసికొను తల్లికి విశ్రాంతి యనగా ఏమి? ఆమె పరుండినచో పొయ్యి రాజదు. మరునెల జబ్బు ముదిరి వచ్చినపుడు, చెప్పిన మాట వినలేదని వైద్యుడు కోపించును. తాను వ్రాయు చీటీలు ఇట్లు వ్యర్థమగుచున్నవని కాబట్ గ్రహించి, రోగుల యింటి సంగతులు విచారించుటకు ఒక నర్సును నియమించెను. ఆమె కొలది కాలమునకే జబ్బుపడగా, 1906లో ఐడా కానన్ ఆ పనిలో ప్రవేశించెను. వారికి లభించిన కచేరీ ఆసుపత్రి నడవలో ఒక మూల మాత్రమే.

ఆ మూలలో జరిగినదేమి? సేవకురాలు మొదట జబ్బును గూర్చి అడుగదు. తెల్లవారినది మొదలు రాత్రి నిద్రించువరకు దినమెట్లు గడచునో చెప్పించును. సంపాదించువారెవరు, అక్కరకు వచ్చు బంధువులెవరు, మగనికి జబ్బు సంగతి తెలియునా? పిదప ఇల్లు చూచి వచ్చును. తెలిసినదానిలో చికిత్సకు కావలసినది వైద్యునకు చెప్పును. తక్కినది తన కడుపులోనే దాచుకొనును. ఆరోగ్యాశ్రమమునకు పోవుటయా మానుటయా యన్నది మాత్రము రోగియే నిర్ణయింపవలెను. బిడ్డలను ఎవరు చూతురన్న చింత తీరనిదే ఏ తల్లియు నిర్ణయింపజాలదు గనుక, ముందుగా ఆ చింతకు మార్గము వెదకుదురు. మందలించుటకంటె ఈ ఓర్పు ఎంతో కష్టమని మా యభిప్రాయము.

ఐడా కానన్ 1945 వరకు ఆ శాఖలో పనిచేసెను. ఈలోపల 1917లో మేరీ రిచ్మండ్ “సోషల్ డయాగ్నోసిస్” అను గ్రంథమున ఇట్టి విచారణకు ఒక శాస్త్రపద్ధతిని కల్పించెను. కళాశాల మెట్టు ఎక్కని ఆమె వ్రాసిన గ్రంథము కళాశాలలకు పాఠ్యమగుట ముచ్చటైన సంగతి. బోస్టన్ నగరముననే మేరీ జారెట్ ఈ పనిని మానసిక రోగుల కడకు కొనిపోయెను. యుద్ధమున మనసు చెదరిన సైనికుల కొరకు 1918లో స్మిత్ కళాశాలలో ప్రత్యేక శిక్షణ ప్రారంభమైనది. రోగిని తప్పుపట్టకుండుట, రహస్యము కాపాడుట, నిర్ణయము అతనికే విడుచుట మున్నగు ఏడు సూత్రములను ఫెలిక్స్ బీస్టెక్ 1957లో గ్రంథస్థము చేసెను.

మన దేశమున ఈ విద్యకు 1936లో బొంబాయియందు టాటా వారి పాఠశాల నెలకొన్నది. 1946లో అచ్చటి జె.జె. ఆసుపత్రిలో వైద్య సాంఘిక సేవకుల నియామకము జరిగినది. నేడు పలు బోధనాసుపత్రులలోను, మానసిక వైద్యశాలలలోను వీరున్నారు. అయినను వీరి గది ఎచ్చటనున్నదో ఎరుగక వెనుదిరుగు రోగులే హెచ్చు. చీటీలిచ్చు కిటికీ వద్ద ఆ మాట అడిగిన చాలును.