తెచ్చిన ఫోన్‌లో మన సిమ్ పడదా? అపోహలు – వాస్తవాలు

రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు కువైట్‌కో మస్కట్‌కో మనిషి వెళ్లని వీధి తక్కువ. భీమవరం, రాజమహేంద్రవరం ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉంటారు. సెలవుకు వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లకని ఒక ఫోన్ తెస్తారు. మన సిమ్ వేస్తే పనిచేయదు. ఇక ఇంటిల్లిపాదికీ తలో అనుమానం.

అపోహ: ఫోన్ పాడైంది.
వాస్తవం: ఫోన్ బాగానే ఉంది. అమెరికాలో టెలికాం కంపెనీలు వాయిదాల మీద ఫోన్ ఇచ్చి, వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా లాక్ చేస్తాయి. మనకూ ఇది కొత్త కాదు. 2017లో వచ్చిన జియోఫోన్‌లో జియో సిమ్ తప్ప మరొకటి పనిచేసేది కాదు.

అపోహ: సీల్ తీయకుండా తెస్తేనే మంచిది.
వాస్తవం: చాలామందిని ముంచేది ఈ సీలే. శాంసంగ్ 2013లో గెలాక్సీ నోట్ 3తో యూరప్‌లో ప్రాంతీయ లాక్ పెట్టింది. అమ్మిన ప్రాంతపు సిమ్‌తోనే ఫోన్‌ను మొదటిసారి వాడాలి. ఆ తర్వాతే వేరే దేశం సిమ్ తీసుకుంటుంది. ఆ ప్రాంతపు సిమ్‌తో మొత్తం 5 నిమిషాలైనా కాల్స్ మాట్లాడాలని తర్వాత కొన్ని మోడళ్ల పెట్టెల మీదే రాశారు. కొత్తదనం పోకూడదని ప్రేమగా విప్పకుండా తెచ్చిన పెట్టె ఇక్కడికొచ్చాక మొరాయిస్తుంది. పెట్టె మీద అలాంటి స్టిక్కర్ ఉంటే అక్కడే విప్పి, అక్కడి సిమ్‌తో మాట్లాడి తీసుకురండి.

అపోహ: "ఆయ్, టౌన్‌లో షాపులో ఇస్తే లాక్ తీసేత్తారండి."
వాస్తవం: టెలికాం కంపెనీ వేసిన లాక్ తీసే అధికారం ఆ కంపెనీదే. వాయిదాలన్నీ తీరి, కొన్నాళ్లు వాడాక అడిగితే డబ్బు తీసుకోకుండానే తీస్తుంది. షాపులో సిమ్ కింద పెట్టే చిప్పులు ఒక్క అప్‌డేట్‌తో పనికిరాకుండా పోవచ్చు. ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరు మార్చడం మరీ ప్రమాదం: 2023 టెలికాం చట్టం ప్రకారం 3 ఏళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అపోహ: లాక్ లేకపోతే ఇక ఇబ్బంది లేదు.
వాస్తవం: అమెరికాలో 2022 నాటి ఐఫోన్ 14 నుంచి సిమ్ పెట్టే చోటే లేదు. 2025లో ఐఫోన్ 17 కువైట్, ఒమన్, ఖతార్, సౌదీ, యూఏఈలలోనూ అలాగే వచ్చింది. ఈ-సిమ్ తీసుకోవాల్సిందే. చార్జింగ్ అయిపోతే సిమ్ తీసి బటన్ ఫోన్‌లో వేసుకునే పెద్దవాళ్లకు ఇది పెద్ద చిక్కు. వారంటీ కూడా కొన్న దేశానికే పరిమితం కావచ్చు.

కెనడా 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్ 2021 డిసెంబరు నుంచి లాక్ చేసిన ఫోన్ల అమ్మకాన్ని నిషేధించాయి. పూర్తి డబ్బు కట్టినవాడికి ఫోన్ పూర్తిగా దక్కాలన్నది న్యాయమైన మాట. అన్ని దేశాలూ ఆ పని చేయాలి. అందాకా, విమానం ఎక్కకముందే మీవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి: ఐఫోన్ అయితే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి, 'క్యారియర్ లాక్' ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉందో లేదో చూసుకోమనండి. లేకపోతే అక్కడే లాక్ తీయించుకుని రమ్మనండి.